పెళ్ళికీ చావుకీ తీసే తలుపు

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. కాఫీ కాస్తున్న అమ్మ మార్లీస్. పొయ్యి దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్న కోబుస్ తాత. ఆయన చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకున్న బొల్లె అనే ముసలి కుక్క. పొయ్యి పక్కన అట్టపెట్టెలో ఒకదాన్నొకటి అంటుకుని నిద్రపోతున్న రెండు పంది పిల్లలు. గోడ మీద ఫోటోలో, ఎవరో జోకు చెప్పి ఆపినట్టు నవ్వుతున్న ద్రీకా నాయనమ్మ. నాన్న మరీనుస్ ఇంకా కొట్టంలోనే ఉన్నాడు. ఆయన కొట్టంలో ఉంటే సగం ఇంట్లో ఉన్నట్టే లెక్క.

ఫెన్నె మాత్రం ఇంట్లో లేదు. వంటగది కిటికీ బయట, ఆకుకూర మడి పక్కన, మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. కుర్చీని సైకిల్ వెనక కట్టుకుని తనే తెచ్చుకుంది. ఫ్లాస్కు తనదే, కప్పు తనదే. నవంబరు మంచు ఇంకా విడలేదు. మెడకు చుట్టుకున్న ఉన్ని గుడ్డలోంచి ముక్కు ఒక్కటే ఎర్రగా కనిపిస్తోంది.

మార్లీస్ కిటికీ రెక్క తెరిచింది. "దుప్పటి ఇవ్వనా?" అంది. అనేసి నాలుక కరుచుకుంది.

"వద్దమ్మా."

"తెలుసులే. అలవాటు కొద్దీ నోటికొచ్చింది."

"ఇందాకటి నుంచి పోస్టుమాన్ పెళ్ళాం రెండుసార్లు సైకిల్ మీద ఇటు పోయింది," అన్నాడు కోబుస్ తాత. "చర్చి అటువైపు కదే. నిన్ను చూడ్డానికే తిరుగుతోంది. ఇంకోసారి వస్తే టికెట్ పెడదాం."

ఫెన్నె చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పటి నుంచీ అంతే. బడిలో మాస్టారు పేరు పిలిస్తే చాలు, చెవులు మండిపోయేవి, మాట గొంతులోనే ఆగిపోయేది. అలాంటి పిల్ల ఊరంతా చూస్తుండగా ప్రతి ఆదివారం సొంత ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటోందంటే, అది ఎంత మొండితనమో ఇంట్లోవాళ్ళకు తెలుసు. ఆ మొండితనం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కూడా తెలుసు.

లుటెల్‌బేక్ అనే ఆ ఊళ్ళో ఎవరింటికి ఎవరు వెళ్ళినా పెరటి వైపు నుంచే వెళ్తారు. ముందు తలుపు ప్రతి ఇంటికీ ఉంటుంది. అది పెళ్ళికూతురు బయటికి రావడానికి, ఆ తర్వాత ఎప్పుడో శవపేటిక బయటికి రావడానికి. మధ్యలో ముందు తలుపు గంట మోగిందంటే పోలీసులో, పన్నులవాళ్ళో అయి ఉండాలి. మరీనుస్ ఇంట్లో పెరటి తలుపు తీయగానే బట్టలు మార్చుకునే గది వస్తుంది. కొట్టంలో వేసుకునే బట్టలు, రబ్బరు బూట్లు అక్కడే వేలాడుతుంటాయి. ఆ గదిలోంచి ఒక తలుపు కొట్టంలోకి, ఇంకో తలుపు వంటగదిలోకి. ఫెన్నె దాటకూడనిది సరిగ్గా ఆ గదినే.

ఎందుకంటే ఫెన్నె ముక్కులో ఒక క్రిమి దొరికింది. నొప్పి లేదు, జ్వరం లేదు, ఉన్నట్టు తనకే తెలియదు. పందులు పెంచే ఇళ్ళల్లో చాలామందికి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ జోలికి అది పెద్దగా రాదు. కానీ ఆసుపత్రిలో కోత పడిన వాళ్ళ గాయంలో చేరితే, మామూలు యాంటీబయాటిక్‌లు దాన్ని ఏమీ చేయలేవు. నర్సు చదువులో చేరిన ఫెన్నెకు పరీక్ష చేసి, అది పూర్తిగా పోయిందని తేలేదాకా వార్డులోకి అడుగు పెట్టొద్దన్నారు. ముక్కుకు మందు, ఒంటికి వేరే సబ్బు, పందులకు దూరం. అందుకే ఆగస్టులో సంచి సర్దుకుని, ఊళ్ళో తన మంగలి కొట్టు పైనే ఉండే రీట్ మేనత్త దగ్గరికి వెళ్ళిపోయింది.

ఒకసారి మందు వాడాక చేసిన పరీక్షలో క్రిమి మళ్ళీ కనిపించింది. దానికి కారణం అమ్మ ప్రేమ. మార్లీస్ వారం వారం కూతురి బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతల మధ్య లావెండర్ పువ్వు పెట్టి పంపేది. "ఈ బట్టలు ఎక్కడ ఆరాయి?" అని ఆసుపత్రిలో అడిగాక గానీ ఫెన్నెకు తట్టలేదు. వానలు పడితే అవి ఆరేది బట్టలు మార్చుకునే గదిలో, నాన్న పని బట్టల పక్కనే. కొట్టం దుమ్మంతా ఆ లావెండర్‌తో పాటే మడతల్లో చేరి వెళ్ళింది. మందు మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. అప్పటి నుంచి మార్లీస్ కూతురికి ఏదో ఒకటి ఇవ్వబోవడం, చెయ్యి వెనక్కి తీసుకోవడం.

ఈసారి మాత్రం అన్ని పరీక్షలూ బాగానే వచ్చాయి. రేపు ఆఖరిది. అది కూడా బాగుంటే వార్డులో పని మొదలు. లేకపోతే ఈ ఏటికి చదువు ఆగినట్టే, కాలేజీ వాళ్ళు ఆ మాట మొహం మీదే చెప్పారు.

మరీనుస్ స్నానం చేసి, తల తుడుచుకుంటూ వంటగదిలోకి వచ్చాడు. కిటికీ వైపు చూడనట్టే చూశాడు.

"దొరసాని వచ్చిందా? బయట గాలి బాగుందా?"

"బాగుంది నాన్నా. తలుపు తీస్తే ఇంకా బాగుంటుంది."

"తలుపు తీసే ఉంది. పెరటి వైపు."

"ముందు తలుపు అంటున్నాను."

"అది ఉబ్బిపోయింది. రాదు."

"చిత్రిక పడితే వస్తుంది."

"వస్తుంది. పట్టేవాడికి తీరిక ఉండాలి కదా. కొట్టంలో నాకో పిల్ల సాయముండేది. ఇప్పుడది అత్త కొట్టులో ఊరివాళ్ళ జుట్టు ఊడుస్తోందట."

"ఊడవనీరా," అన్నాడు తాత. "జుట్టు కరవదు, తన్నదు."

"నువ్వు ఊరుకో నాన్నా." మరీనుస్ కుర్చీలో కూలబడ్డాడు. మార్లీస్ చెర్రీ పండ్లు పరిచి కాల్చిన వ్లాయ్ అనే తీపి రొట్టె ముక్క కోసి ఆయన ముందు పెట్టింది. ఇంకో ముక్క కోయబోయి, కిటికీ వైపు చూసి, కత్తి పక్కన పెట్టేసింది.

అది చూసి మరీనుస్‌కు ఇంకా మండింది. "చూశావా? మీ అమ్మ చేత్తో చేసింది తినడానికి కూడా పనికిరాదు. ఈ ఇంట్లో నేను పుట్టాను. నా చెల్లెలు పుట్టింది. నువ్వు పుట్టావు. ఎవరికీ ఏ రోగమూ రాలేదు. ఇప్పుడు కాలేజీలో ఎవరో దూదిపుల్ల ముక్కులో పెట్టి చెప్పారు, మనం మురికివాళ్ళమని."

"మురికి అని ఎవరూ అనలేదు నాన్నా."

"అనక్కర్లేదు. మా అమ్మ గది తలుపు ఎలా మూసేవాళ్ళో చూశాను కదా."

ఆ మాటతో వంటగది చల్లబడింది. తాత కప్పు కింద పెట్టేశాడు.

ఈ ఏడు చలికాలం చివర్లో ద్రీకా నాయనమ్మ మెట్టు జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు అందరినీ అడిగే ప్రశ్నే ఆమెనూ అడిగారు, ఇంట్లో పందులున్నాయా అని. "ఉన్నాయి తల్లీ, చాలా మంచి పందులు," అని గర్వంగా చెప్పిందామె. వెంటనే ఆమెను విడి గదిలో పెట్టారు. లోపలికి వచ్చేవాళ్ళంతా పసుపు గౌను, ముసుగు, చేతి తొడుగులు వేసుకుని రావాలి. కోత గాయం మానలేదు. మొదట ఇచ్చిన మందు పనిచేయలేదు, తర్వాతదీ పనిచేయలేదు. పనిచేసే మందు దొరికేసరికి ఆమెలో ఓపిక అయిపోయింది. బయటికి వెళ్ళేటప్పుడు నర్సులు తలుపు పిడిని చేత్తో ముట్టుకునేవాళ్ళు కాదు, మోచేత్తో నెట్టేవాళ్ళు. కుష్టు రోగి గదిలా చూస్తున్నారని మరీనుస్ కుమిలిపోయాడు. మే నెలలో ఆమె ముందు తలుపులోంచి బయటికి వెళ్ళింది. ఖననం తర్వాత కాఫీ బల్ల మీద మార్లీస్ చేసిన సాసేజ్ రొట్టెలు సగం అలాగే మిగిలిపోయాయి. ఆ ఊళ్ళో చావు ఇంట్లో రొట్టె మిగలడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఆ రోజు నుంచి ముందు తలుపు తీయడం ఫెన్నె చూడలేదు.

"ఆ మోచేతులు నువ్వూ చూశావు," అన్నాడు మరీనుస్. "చూసి చూసి వాళ్ళ దగ్గరికే పోతానంటావు."

"ఆ మోచేతుల కోసమే పోతానంటున్నాను." ఫెన్నె కుర్చీలోంచి లేచింది. "నువ్వు మోచెయ్యి ఒక్కటే చూశావు నాన్నా. అంతకుముందు ఆ నర్సు ఏం చేసేదో చూళ్ళేదు. నాయనమ్మ దుప్పటి సర్దేది. మన పందుల పేర్లు ఒక్కొక్కటే అడిగేది. నాయనమ్మ చెబుతుంటే ముసుగు లోపల పడీ పడీ నవ్వేది. ఆ తర్వాతే మోచేత్తో తలుపు మూసేది, పక్క గదిలో ఉన్న ఇంకో ముసలమ్మ కోసం. నాయనమ్మకు వచ్చింది ఆమెకు రాకూడదని."

"కథలు బాగా చెబుతావు."

"కథ కాదు. నాయనమ్మకు అది ఎక్కడి నుంచి వచ్చింది నాన్నా? ఆవిడ కొట్టంలో అడుగు పెట్టి ఎన్నేళ్ళయింది? మన బట్టల మీద వచ్చింది. మన చేతుల మీద వచ్చింది. పంది పిల్లలకు పాలు మానిపించిన ప్రతిసారీ, జబ్బున్నా లేకపోయినా, నీళ్ళలో మందు కలిపి పోశాం. నేను కూడా కలిపాను. ఆ మందుకు చావనిది మన కొట్టంలో తయారైంది. అదే నాయనమ్మ గాయంలోకి వెళ్ళింది. ఈ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నేనంటున్నాను."

కుక్క తలెత్తి చూసింది. సందులో సైకిల్ మీద పోతున్న ఎవరో బ్రేకు వేసి, మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళిపోయారు.

మరీనుస్ వ్లాయ్ పళ్ళేన్ని నెమ్మదిగా పక్కకు జరిపాడు. "అంటే మా అమ్మను నేనే చంపానంటావు."

"అలా అనలేదు."

"అన్నావు. కిటికీలోంచి, ఊరికి వినపడేలా అన్నావు." ఆయన లేచాడు. "పెద్ద తల్లి పంది ఈనుతోంది. నాకు పనుంది. పందులకు నేను మురికివాణ్ణి కాదు." బట్టలు మార్చుకునే గది తలుపు ధడాలున మూసుకుంది.

ఫెన్నె మళ్ళీ కూర్చోలేదు. ఫ్లాస్కు మూత బిగిస్తోంది గానీ మర కుదరడం లేదు.

"కూర్చోవే," అన్నాడు తాత. "వాడి మాటకు కాదు, నా మాటకు కూర్చో. ఒకటి అడుగుతాను చెప్పు. ఈత కోసం ఏ పందిని ఉంచుకుంటాం?"

"తాతా, ఇప్పుడా?"

"చెప్పవే."

"గట్టిగా ఉన్నదాన్ని. మిగతావి అమ్మేస్తాం."

"దాని పిల్లల్లో?"

"మళ్ళీ గట్టిదాన్నే."

"మా నాన్న అలాగే ఎంచాడు, నేను అలాగే ఎంచాను, మీ నాన్నా అంతే. మందు కూడా మన పనే చేసింది. క్రిముల్లో మెత్తవాటిని చంపి, గట్టివాటిని ఈతకు ఉంచింది. పంది ఏడాదికి రెండుసార్లు ఈనుతుంది. ఆ క్రిములు ఈనడానికి కాఫీ చల్లారేంత సేపు చాలట, డాక్టరు చెప్పాడు. మనం పందుల్ని పెంచుతున్నాం అనుకున్నాం. కింద ఇంకో మంద పెరుగుతోందని ఎవడికి తెలుసు?" తాత మీసం తుడుచుకున్నాడు. "ఇంకో వింత చూడు. మీ నాయనమ్మకు దగ్గొచ్చి డాక్టరు దగ్గరికి పోతే, పారాసెటమాల్ వేసుకుని వారం తర్వాత రమ్మనేవాడు. తల తెగి చేత్తో పట్టుకుని పోయినా వాడు అదే చెబుతాడు. పంది దగ్గితే మాత్రం మందు బస్తా ఇంటికొచ్చేది. 'వచ్చే జన్మలో పందినై పుడతా, మంచి వైద్యం దొరుకుతుంది' అనేది ద్రీకా."

ఫెన్నెకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటే కన్నీళ్ళూ వచ్చాయి.

మార్లీస్ మాత్రం నవ్వలేదు. అంతసేపూ కత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఇప్పుడు కత్తి పెట్టి, వంగి, అట్టపెట్టెను రెండు చేతులతో ఎత్తి కిటికీలోంచి కనపడేలా పట్టుకుంది.

"వీటిని ఇక్కడెందుకు పెట్టామనుకున్నావు?"

ఫెన్నె ఒకడుగు వెనక్కి వేసింది. "నేను లోపలికి రాకూడదని."

"అనుకుంటావని నాకు తెలుసు." మార్లీస్ గొంతు మెత్తగానే ఉంది, కానీ కళ్ళు మండుతున్నాయి. "నువ్వు సంచి సర్దుకుని పోయిన వారంలోనే మీ నాన్న పశువుల డాక్టర్ని పిలిచాడు. ఇకమీదట నీళ్ళలో మందు కలపను, జబ్బు చేసిన దానికే సూది అన్నాడు. డాక్టరేమన్నాడో తెలుసా? చేయొచ్చు మరీనుస్, కానీ మందు తీసేస్తే ఆ చోట మనుషులుండాలి అన్నాడు. పిల్లల్ని తల్లి దగ్గర ఎక్కువ రోజులు ఉంచాలి. ప్రతి గదీ కడిగి ఎండనివ్వాలి. ఒక్కొక్కదాని మొహం చూసి ఏది నలతగా ఉందో పట్టుకోవాలి. బలం లేనివాటిని పొయ్యి దగ్గర పెట్టి సీసాతో పాలు పట్టాలి. ఇవి ఈ నెలలో ఎన్నో జత పిల్లలో నాకే లెక్క లేదు. కొన్ని బతుకుతున్నాయి, కొన్ని లేదు. చచ్చినవాటిని మీ నాన్న నాకు కూడా చూపించడు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పొద్దన్నాడు. చెబితే నువ్వు జాలిపడి చదువు మానేసి వచ్చేస్తావట. ఆదివారం ఆదివారం రా రా అని నీ మీద అరుస్తాడు, వచ్చే కారణం మాత్రం చెప్పడు. ఎలాంటి మనిషితో కాపురం చేస్తున్నానో చూడు." మార్లీస్ పెట్టెను బల్ల మీద పెట్టింది. "మీ నాయనమ్మ సంగతి ఎవరూ అనరన్నావే. ఆయన అనడు. చేస్తున్నాడు."

ఫెన్నె కిటికీలోంచి పెట్టెలోకి చూసింది. పిల్లల కింద మెత్తగా చెక్క పొట్టు పరిచి ఉంది, సన్నగా చుట్టలు చుట్టుకున్న కొత్త పొట్టు. కొన్ని చుట్టలకు ఒక అంచున ముదురు ఆకుపచ్చ రంగు ఉంది. దాని గురించి ఆలోచించే స్థితిలో లేదు ఆమె. ఇన్ని ఆదివారాలు ఈ కిటికీ దగ్గర కూర్చుని, నాన్న కళ్ళ కింద నలుపు చూసి, అది తన మీద కోపమే అనుకుంది.

అప్పుడే అలమర మీద చిన్న రేడియోలాంటి పెట్టె గరగరలాడింది. ఫెన్నె పసిపిల్లగా ఉన్నప్పుడు ఉయ్యాలలో ఏడిస్తే వంటగదిలోకి వినిపించడానికి కొన్న పెట్టె అది. అప్పుడు ఉయ్యాలకు కట్టిన దాని జత ఇప్పుడు ఈనే పందుల గదిలో వేలాడుతోంది.

"మార్లీస్! రా. పిల్ల అడ్డం తిరిగింది. నా చెయ్యి పట్టడం లేదు."

మార్లీస్ తన చేతుల వైపు చూసుకుంది. కీళ్ళ వాపుతో వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు, పూర్తిగా చాచుకోవు. అయినా చేతులు తుడుచుకుని బయల్దేరింది. తాత కిటికీ వైపు తిరిగాడు. కానీ కిటికీ బయట మడత కుర్చీ ఒక్కటే ఉంది.

ఫెన్నె అప్పటికే ఇంటి మూల తిరిగి పరిగెడుతోంది. బడికి పోయే వయసు నుంచి ఆ పని తనదే. నాన్నది పార లాంటి చెయ్యి. తనది సన్నం. సబ్బు రాసుకుని, కళ్ళు మూసుకుని, లోపల ఏది కాలో ఏది మూతో వేళ్ళతోనే చూడగలదు. పెరటి తలుపు తోసింది. తన పాత బూట్లు కొక్కేనికి అలాగే వేలాడుతున్నాయి, ఎవరూ తీయలేదు. గడప ఇవతల నుంచే వాటి కోసం చెయ్యి చాచింది.

"ముట్టుకోకు!"

కొట్టం వైపు తలుపులో మరీనుస్ నిలబడి ఉన్నాడు. నులక తాడు కోసం వచ్చినట్టున్నాడు. మోచేతుల దాకా సబ్బు, నెత్తురు. వెనక చీకట్లో తల్లి పంది మూలుగుతోంది. రెండు అంగల్లో గది దాటి వచ్చి గడపకు అడ్డంగా నిలబడ్డాడు. కానీ ఆమెకు తగలకుండా అంత దూరంలోనే ఆగాడు.

"జరుగు నాన్నా. నా చెయ్యి పడుతుంది. నీకు తెలుసు."

"రేపు నీకు పరీక్ష."

"పోతే పోతుంది. వచ్చే ఏడు చూసుకుంటాను. అమ్మ అంతా చెప్పింది. నేను వచ్చేస్తాను నాన్నా. పొద్దున ఇక్కడ, సాయంత్రం..."

"మీ అమ్మ నోరు..." అని ఆయన పళ్ళు కొరికాడు. "అందుకే చెప్పొద్దన్నాను. రావొద్దు."

"మూడు నెలల నుంచి రా రా అని అరిచింది ఎవరు?"

"నేనే అరిచాను. అరిచేవాడి మాట వినకూడదని నీకు ఇంకా తెలియదా?"

లోపల తల్లి పంది గట్టిగా అరిచింది. మార్లీస్ అటు వైపు నుంచి "మరీనుస్!" అని పిలిచింది.

"నాన్నా, పిల్లలు పోతాయి!"

"పోతే పోనీ," అన్నాడు మరీనుస్.

పుట్టి ఊపిరాడని పిల్లను కూడా తన నోటితో గాలి ఊది బతికించే మనిషి ఆయన. ఆయన నోట ఆ మాట ఫెన్నె ఎప్పుడూ వినలేదు.

"మీ అమ్మ ఉంది. తాడుంది. డాక్టరుకు ఫోన్ చేశాను. అయినా పోతే ఒక ఈత పోతుంది, ఇంకో ఈత వస్తుంది." ఆయన గడపకు ఇంకాస్త అడ్డంగా జరిగాడు. "ఆ చెయ్యి ఇక్కడ పెట్టకు. రేపు ఆ విడి గదిలో ఇంకెవరి తల్లో పడుకుని ఉంటుంది. ఆవిడను కూడా పందుల పేర్లు అడిగేవాళ్ళు ఒకరుండాలి."

ఫెన్నె చెయ్యి బూట్ల మీద నుంచి నెమ్మదిగా కిందికి దిగింది. కళ్ళు మసకబారాయి.

"కిటికీ దగ్గర నేనన్న మాట..."

"నిజమే అన్నావు. ఊళ్ళో ఒకరైనా అనాలి. మన ఇంటి పిల్ల అనడమే నయం." మరీనుస్ ముక్కు ఎగబీల్చాడు, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. "ఇక పో. కుర్చీ మడిచి ముందు వైపుకు పో. తలుపు నిన్న చిత్రిక పట్టాను. తాళం తీసే ఉంది. రేపు పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నాను. నువ్వేమో పొద్దున్నే అడిగావు. అడిగితే నాకు చెప్పబుద్ధి కాదు."

ఆకుపచ్చ అంచున్న చెక్క పొట్టు ఫెన్నె కళ్ళ ముందు కదిలింది. ముందు తలుపు రంగు అది. నాయనమ్మ వెళ్ళిన తలుపు.

"ముందు గది కడిగించాను. అందులోకి పనిబట్టలతో ఎవరూ రారు, కుక్క కూడా రాదు. మీ నాయనమ్మ కుర్చీలో కూర్చో. ఇది అయ్యాక ఒళ్ళంతా కడుక్కుని వస్తాను."

"ముందు తలుపు పెళ్ళికీ చావుకీ కదా నాన్నా," అంది ఫెన్నె, ఏడుపులోంచే నవ్వుతూ.

"ఇవాళ్టి నుంచి నర్సుకు కూడా. పో, చలి లోపలికి వస్తోంది. పిల్లలకు మంచిది కాదు."

ఆమె కదల్లేదు. ఒక్కసారి ఆయన్ను పట్టుకోవాలనిపించింది. ఆయనకూ అది అర్థమైనట్టుంది. సబ్బు నీళ్ళు కారుతున్న రెండు చేతులూ గబుక్కున గుండెల దగ్గరికి ఎత్తిపెట్టుకుని, ఆసుపత్రిలో ఆ నర్సు చేసినట్టే, తలుపు పిడికి వేలు కూడా తగలనివ్వకుండా, మరీనుస్ మోచేత్తో నెట్టి కూతురి మొహం మీదే తలుపు మూసేశాడు.